మేకపోతు గంట

మా రాయచెర్లులో చప్పుడంతా పగటిదే. పొద్దు పొడిచి సోలార్ పలకల మీద వెలుతురు పడిందంటే చాలు, కంచె లోపల ఇన్వర్టర్లు రొద అందుకుంటాయి. తేనెటీగల గుంపు ఒకటి ఊరిని చుట్టుముట్టి కదలకుండా నిలబడినట్టు ఉంటుంది. మబ్బు అడ్డమొస్తే ఆ రొద కిందికి దిగుతుంది, మబ్బు తొలగితే మళ్ళీ పైకి లేస్తుంది. పొద్దు గూకేసరికి పూర్తిగా ఆగిపోతుంది. ఆ తర్వాత కుక్కలు, కీచురాళ్ళు, ఎక్కడో ఒక బైకు. మామూలు రాత్రి. మా ఊర్లో రాత్రంటే ఎవరికీ భయం లేదు.

నేను భయపడింది మిట్టమధ్యాహ్నం. రేకుల కప్పు కాలి చిటపటలాడే వేళ. వాకిట్లో ఎండ కళ్ళు పొడిచే వేళ.

మా నాయన హనుమప్ప ఆ సోలార్ పార్కులో రాత్రి గార్డు. ఆ పలకల కిందున్న భూముల్లో మాదీ ఒక ముక్క ఉంది. ఒకప్పుడు శెనక్కాయ వేసిన చేను, తాత బొమ్మన్న మేకలు మేపిన చేను, తాతను పూడ్చిన చేను. లీజుకిచ్చాక దాని చుట్టూ కంచె వచ్చింది. ఆ కంచెకు మా నాయన యూనిఫారం వేసుకొని, టార్చి పట్టుకొని కాపలా. తన చేను చుట్టూ తానే జీతానికి తిరగడం గురించి నేను తుమకూరు కాలేజీలో ఎన్ని డిబేట్లలో మాట్లాడానో, ఎన్ని కప్పులు తెచ్చానో! కప్పులు మా ఇంటి గూట్లో ఉన్నాయి. చేను కంచెలో ఉంది. మాట్లాడితే ఏం మారుతుందో నాకు అప్పుడే తెలియాల్సింది.

రాత్రంతా మేలుకున్న మనిషి కాబట్టి ఆయనకు పగలే నిద్ర. లోపలి గది కిటికీకి మా అమ్మ సుంకులమ్మ గోనెసంచులు కొట్టి, వాటి మీద ఒక పాత ఫ్లెక్సీ బ్యానరు కట్టింది. తలుపు మూస్తే పట్టపగలే చీకటి. ఆ చీకట్లో దుమ్ము వాసన, చెమట వాసన, తలకు రాసుకునే నూనె వాసన కలిసి ఉడుకుతుండేవి. అందులోంచి ఆయన గురక వచ్చేది.

ఆ గురక ఊరందరికీ తెలుసు. ఆయనతో పాటు డ్యూటీ చేసే ఓబులేశ్ మామ మా ఇంటికి వచ్చినప్పుడల్లా అరుగు మీద కూర్చొని అదే పాట. "పార్కోళ్ళకు తెలివి లేదు పాపా. ఎండతో కరెంటు తీస్తాండారు. మీ నాయన గురకతో తీసుంటే రాత్రి కూడా వస్తాన్నింది కదా!"

అందరం నవ్వేవాళ్ళం. నాయన కూడా నవ్వేవాడు. నవ్వుతూనే గోడకు ఆనుకొని నిద్రపోయేవాడు. చేతిలో టీ గ్లాసు వంగి చొక్కా తడిచేది.

గురకతో పాటు మా ఇంట్లో ఇంకో చప్పుడు కూడా ఉండేది. గంట.

అది తాత మంద ముందు నడిచిన మేకపోతు మెడలోది. కంచు గంట, పిడికిలంత. మందలో ఏ మేకకైనా జబ్బు చేస్తే తాత ఆ గంటను దాని పొట్ట మీద గుడ్డతో కట్టి, పక్కనే తలవాల్చేవాడట. ఊపిరికి పొట్ట లేచి దిగుతుంటే గంట టిణ్ టిణ్ మంటుంది. మోగుతుంటే ప్రాణం ఉన్నట్టు. మోగకపోతే లేచి చూసుకోవాలి. ముసలితనంలో తాతకే నిద్రలో ఊపిరి ఆడక పెనుగులాట మొదలయ్యాక, మా అవ్వ హొన్నమ్మ ఆ గంటను తాత పొట్ట మీద కట్టింది. తాత పోయిన కొన్నేళ్ళకు నాయన కూడా అట్లాగే పెనుగులాడడం మొదలుపెట్టాడు. గంట ఆయన పొట్ట మీదికి వచ్చింది.

దానికి అవ్వ పెట్టిన కట్టుబాటు ఒకటే. గంట మోగినంతసేపు మనిషిని లేపకూడదు. గుండెల మీద ఏదో కూర్చొని అముకుతున్నప్పుడు మధ్యలో లేపితే, అది లేపినవాళ్ళ మీదికి వస్తుందట.

నేను ఆ గంట వింటూ పెరిగాను. దాన్ని వింటూ లెక్కలు చేశాను, ఉపన్యాసాలు బట్టీ పట్టాను. అది మోగుతుంటే నాయన బాగున్నట్టు. నా ఒంట్లో ఎక్కడో, మాటలకందని చోట, ఆ నమ్మకం కూర్చొని ఉంది.

పోయిన వేసవిలో పరీక్షలు రాసి ఇంటికి వచ్చాను. ఒక మధ్యాహ్నం గది గడప దగ్గర కూర్చొని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. లోపల గురక పెరుగుతోంది. రాతి మీద గొడ్డలి ఈడ్చినట్టు... ఇంకా గట్టిగా... ఇంకా...

ఆగిపోయింది.

గంట మాత్రం మోగుతోంది. టిణ్. టిణ్. టిణ్.

చేట కింద పెట్టి లోపలికి వెళ్ళాను. నాయన వెల్లకిలా పడుకొని ఉన్నాడు. నోరు తెరిచి ఉంది. పొట్ట ఎగసి పడుతోంది, గంట ఊగుతోంది. కానీ ముక్కు దగ్గర వేలు పెడితే... గాలి లేదు. నోటి దగ్గర పెట్టాను. లేదు. ముఖం నల్లబడుతోంది. అంతలో ఆయన ఒళ్ళంతా ఒక్కసారి ఎగిరింది. బావిలో మునిగినవాడు పైకి తేలినట్టు గొంతులోంచి పెద్ద చప్పుడు. మళ్ళీ గురక.

అక్కడే నిలబడి చూశాను. మళ్ళీ ఆగింది. మళ్ళీ. మళ్ళీ.

ఆ సాయంత్రం ఇంట్లో యుద్ధం.

"ఊపిరి ఆడ్తాలేదవ్వా! గంట మోగుతాంది గానీ ఊపిరి లేదు. నేను వేలు పెట్టి చూసినా."

"గంట మోగుతాంటే ఊపిరి లేకుండా ఎట్లుంటాదే? నీకు తుమకూరులో ఇదేనా చెప్పింది?" అంది అవ్వ.

"నిద్ర లేస్తానే తలనొప్పి అంటాడు. నోరు ఎండిపోతాది. డ్యూటీలో తూగుతాండాడని సూపర్వైజరు తిడతాండాడు. ఇంగోసారి చూస్తే పని తీసేస్తానన్నాడంట. మొన్న పావగడ రోడ్డులో బైకు పైనే కన్ను మూసి గుంతలోకి పోయినాడు. ఇదంతా ఊరికే వస్తాదా? ఇది జబ్బు. దీనికి పేరుండాది, మందుండాది."

"మీ తాతకూ ఉన్నింది. మందు తాగినాడా ఏమన్నా?"

"తాగలేదు. అందుకే సచ్చిపోయినాడు."

అమ్మ నా నోరు మూసింది. అవ్వ చాలాసేపు నన్నే చూసింది. ఆ చూపు కోపం అనుకున్నాను అప్పుడు. కోపం కాదు.

నాయన మాత్రం నా పక్షానే వచ్చాడు. పని పోతుందన్న భయం ఆయనకు గంట కన్నా, అవ్వ కన్నా పెద్దది. "పోదాం పాపా, యాడికి రమ్మంటే ఆడికొస్తా," అన్నాడు.

తుమకూరు బస్సులో కిటికీ పక్కన కూర్చొని, మధుగిరి దాటాక నా చెవి దగ్గరికి వంగాడు.

"ఒక మాట చెప్తా. మీ అమ్మకు చెప్పాకు."

"ఏంది నాయనా?"

"రౌండుకు పోయినప్పుడు, మన చేను ఉన్న చోట... మీ తాతను పెట్టినామే, ఆడ... పలకల కింద గంట మోగుతాది."

"మేకలు దూరుంటాయి లే."

"రాత్రిపూట మేకలు యాడివి? కంచె మేమే కాస్తాండాం కదా." కిటికీలోంచి బయటికి చూశాడు. "మన గంటే పాపా అది. నాకు తెలీదా మన గంట?"

నిద్ర లేని మనిషి మెదడు లేని చప్పుళ్ళు వింటుందని ఆయనకు నచ్చజెప్పాను. చక్కగా, ఒక్కో మాట పేర్చి చెప్పాను. నమ్మినట్టే తలాడించాడు. తలాడిస్తూనే నిద్రపోయాడు.

ఆస్పత్రిలో ఆయన తలకు, గుండెకు, వేలికి వైర్లు అతికించి ఒక రాత్రంతా పడుకోబెట్టారు. పొద్దున డాక్టరమ్మ నన్ను పిలిచి తెరమీద గీతలు చూపించింది. నిద్రలో గొంతు కండరాలు వదులైపోయి దారి మూసుకుంటోందట. ఒళ్ళు బరువు, పొట్టి మెడ, వెనక్కి ఉన్న దవడ, అన్నీ కలిశాయట. దారి మూసుకున్నప్పుడల్లా రక్తంలో ప్రాణవాయువు పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, మళ్ళీ నిద్ర, మళ్ళీ మూత. ఆయనకు తెలియకుండానే ఒక్క నిద్రలో వందల సార్లు ఇదే జరుగుతోందట. గుండె ఏళ్ళ తరబడి ఆ దెబ్బలు తింటూనే ఉంది. బీపీ అందుకే మందులకు లొంగడం లేదు. బరువు తగ్గాలి, సారాయి ముట్టకూడదు, వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవాలి. అన్నిటికన్నా ముందు ముక్కుకు మాస్కు పెట్టుకొని, గాలిని ఒత్తిడితో లోపలికి తోసే మిషను వాడాలి. నిద్రపోయిన ప్రతిసారీ. ఒక్క పూట కూడా మానకుండా.

గంట సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"గొంతు మూసుకున్నా పొట్ట పెనుగులాడుతూనే ఉంటుందమ్మా. గాలి కోసం ఇంకా ఎక్కువ ఎగురుతుంది. అంటే ఊపిరి ఆగినప్పుడే ఆ గంట బాగా మోగుతుంది. దాన్ని నమ్మొద్దు. తీసెయ్యండి."

ఆ మాటను నేను ఇంటికి కప్పులా మోసుకొచ్చాను. అవ్వ ముందు పెట్టాను. అమ్మ వెంటనే గంటను విప్పేసింది. నాలుక కదలకుండా పాత చీర గుడ్డ కుక్కి, పైన ముడేసి, అటక మీద పెట్టింది. "ఎలకలు తగిలి మోగినా నా గుండె ఆగిపోతాది," అంది.

మిషను వచ్చింది. చిన్న డబ్బా, దానికొక గొట్టం, గొట్టానికొక మాస్కు. మొదటి రోజు నాయన అది పెట్టుకొని అద్దంలో చూసుకుంటే, "ఏమప్పా, ఏనుగు పిల్ల మాదిరుండావు," అని అమ్మ నవ్వి నవ్వి కూలబడింది. కొత్త ప్లాస్టిక్ వాసన గదంతా నిండింది. తలుపు మూశాం. గడప దగ్గర ముగ్గురం కూర్చున్నాం, చెవులు రిక్కించి.

గురక లేదు. పెనుగులాట లేదు. మిషను సన్నని గాలి చప్పుడు, అంతే.

సాయంత్రం ఆయన లేచి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఎండను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "నా తలకాయ నాకు తిరిగొచ్చినట్టుండాది పాపా," అన్నాడు. ఆయన కళ్ళలో ఎర్రజీరలు లేకుండా నేను చూడడం అదే మొదలు. మా ఇంట్లో కొన్నాళ్ళు అట్లా గడిచాయి. డ్యూటీలో తూగడం పోయింది. సూపర్వైజరు మెచ్చుకున్నాడు. నాయన నాతో పోట్లాడడం కూడా మొదలుపెట్టాడు, రాజకీయాల గురించి. అంతకుముందు ఆయనకు అంత ఓపిక ఉండేది కాదు.

అవ్వ ఒక్కతే అన్నం సరిగా తినడం మానేసింది. ఒకరోజు రాగిముద్ద ముందు పెట్టుకొని, నా వైపు చూడకుండా అంది.

"దాని తోవ మూసినారు. ఇప్పుడది యాడికి పోతాది?"

"ఏది అవ్వా?"

అవ్వ ముద్దను విరవడం మొదలుపెట్టింది.

ఆషాఢం గాలులు మొదలయ్యాక ఆ రోజు వచ్చింది.

ముందు రాత్రి ఓబులేశ్ మామ జ్వరంతో రాలేదు. ఆయన వంతు రౌండ్లు కూడా నాయనే తిరిగాడు. పొద్దున ఇంటికొచ్చి, ముద్ద తిని, "ఈ పొద్దు పిడుగు పడినా లేపాకండి," అని నవ్వి, మాస్కు పెట్టుకొని పక్కకు తిరిగి పడుకున్నాడు. అమ్మ దుప్పటి కప్పి తలుపు దగ్గరగా వేసింది.

మధ్యాహ్నం నేను గడప దగ్గరే పుస్తకం పట్టుకొని కూర్చున్నాను. అమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. అవ్వ వాకిట్లో నీడకు ఒరిగి ఉంది. బయట ఇన్వర్టర్ల రొద. లోపల మిషను గాలి. రెండూ కలిసి ఒకటే చప్పుడయ్యాయి.

కరెంటు పోయింది.

మా ఇంటి ఎదుట కనుచూపు మేరంతా కరెంటు పుడుతోంది. మా ఇంట్లో ఫ్యాను తిరగడం ఆగిపోయింది. దీని మీద నేను గంటలకొద్దీ మాట్లాడగలను. ఆ రోజు మాట్లాడే తీరిక లేదు. మిషను ఆగిందంటే లోపలికి వెళ్ళాలి. డాక్టరమ్మ భయపడొద్దంది. మాస్కుకు కన్నాలున్నాయి, మనిషికి మెలకువ వచ్చేస్తుంది, లేచి మాస్కు తీసేస్తాడు, మీరూ ఒకసారి చూసుకోండి అంది. ఇంతకుముందు పోయినప్పుడల్లా ఆయనే లేచి విసుక్కునేవాడు.

పుస్తకం మూసి లేచాను. సగం లేచాను.

టిణ్.

టిణ్. టిణ్.

గంట మోగుతోంది. నెమ్మదిగా, ఒకే లయలో. నా చిన్నప్పటి చప్పుడు. హాయిగా ఉంది వినడానికి.

అరుగు మీది నుంచి అమ్మ తలెత్తకుండానే అంది. "మోగుతాంది లే. లేపాకు. పడుకోనీ."

నేను కూర్చున్నాను.

నా బుర్ర కూర్చోమనలేదు. ఒళ్ళు కూర్చుంది. చిన్నప్పటి నుంచి ఆ చప్పుడుకు కూర్చొని అలవాటైన ఒళ్ళు. అమ్మ పిక్కలు తీస్తూనే ఉంది. నేను పుస్తకం తెరిచాను. గంట మోగుతూనే ఉంది.

ఒక పెద్ద మబ్బు వచ్చింది. వాకిట్లో ఎండ చప్పున ఆరిపోయింది. పార్కు రొద కిందికి దిగింది... ఇంకా దిగింది... ఎప్పుడూ దిగనంత దిగి, ఆగిపోయింది. పట్టపగలు అంత నిశ్శబ్దం ఆ ఊర్లో నేను ఎరగను. ఆ నిశ్శబ్దంలో గంట ఒక్కటే. ఇప్పుడు చాలా స్పష్టంగా.

వాసన ముందు తగిలింది నాకు. తలుపు సందులోంచి. ఘాటుగా, ఉప్పగా. మేకపోతు వాసన. మా ఇంట్లో మేకలు అమ్మేసి ఎన్నేళ్ళయిందో.

తలెత్తాను. అమ్మ చేతిలో చింతపండు అట్లాగే ఉండిపోయింది. ఆమె నన్నే చూస్తోంది.

"శిల్పా..."

"ఏమ్మా?"

"గంట... నువ్వు కట్టినావా?"

టిణ్. టిణ్.

"లేదు," అన్నాను. "నువ్వు కదా..."

"నేను ముట్టలేదు. అటక మీద పెట్టినా కదా. గుడ్డ కుక్కి..."

ఇద్దరం అవ్వ వైపు తిరిగాం. అవ్వ లేచి నిలబడి ఉంది. పాదాలు వాకిట్లోనే నాటుకుపోయినట్టు. తల అడ్డంగా ఊపింది. తాను కాదు.

లోపల గంట మోగుతోంది. తొందరేమీ లేదు దానికి.

తలుపు నేనే తోశాను. అటువంటి చీకటి కళ్ళకు అలవాటు కావడానికి సమయం పడుతుంది. నేను ఆగలేదు. తడుముకుంటూ మంచం దగ్గరికి పోయాను. నాయన వెల్లకిలా ఉన్నాడు. పక్కకు తిరిగి పడుకున్న మనిషి. ఎవరో సరిచేసి పడుకోబెట్టినట్టు తిన్నగా, చేతులు రెండు పక్కలా పెట్టుకొని.

"నాయనా... లెయ్యి."

టిణ్.

దుప్పటి లాగేశాను. పొట్ట మీద ఏమీ లేదు. గంట లేదు, గుడ్డ లేదు, తాడు లేదు. పొట్ట కదలడం లేదు.

గంట మోగుతోంది. నా ముఖం ముందే. ఆయన గుండెల మీద ఒక జానెడు ఎత్తులో, ఖాళీ గాలిలో... ఎవరో కుదురుగా కూర్చొని ఊపిరి పీల్చి వదులుతున్నట్టు.

అరిచానో లేదో గుర్తులేదు. మాస్కు పీకేశాను. భుజాలు పట్టి కుదిపాను, చెంపల మీద కొట్టాను. కాలేజీలో ఎప్పుడో నేర్పినట్టు రెండు అరచేతులు గుండెల మీద పెట్టి నొక్కాను. నొక్కడానికి చేతులు దించినప్పుడు వాటికి ఏదో అడ్డం తగిలింది. మెత్తగా. వెచ్చగా. బొచ్చులాగా. నేను ఆగలేదు. దాంట్లోంచే నొక్కాను. "లెయ్యి నాయనా, లెయ్యి, లెయ్యి..."

బయట మబ్బు తొలగింది. బ్యానరు చిరుగుల్లోంచి, గోనెసంచి కన్నాల్లోంచి ఎండ సూదుల్లా గుచ్చుకుంది. పార్కు రొద ఒక్కసారిగా లేచింది.

గంట ఆగింది.

నా చేతుల కింద నాయన చల్లగా ఉన్నాడు. రేకుల కింద, మిట్టమధ్యాహ్నం, నా చెమట ఆయన మీద బొట్లు బొట్లుగా పడుతోంది. ఆయన మాత్రం బావి రాయిలా చల్లగా ఉన్నాడు.

అమ్మ తలుపు దగ్గరే కూలిపోయింది. అవ్వ గడప దాటి వచ్చి, కొడుకు నుదుటి మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది. అప్పుడు చెప్పింది. ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నది.

"మీ తాతకూ ఇట్లే అయింది. నేను ముద్ద గెలుకుతాండా. గంట మోగుతానే ఉన్నింది. మోగుతాంది లే అనుకున్నా. అది ఆగినాక పోయి చూస్తే..." అవ్వ ఆ చేతిని కొంగుకు తుడుచుకుంది. "ఎప్పుడో సల్లబడిపోయిండాడు. మరి అంతసేపు ఎవురు మోగించినారే?"

ఎదుటివాళ్ళ ప్రశ్నను తిప్పికొట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని మా ప్రిన్సిపాలు స్టేజీ మీద చెప్పింది. నేను దుప్పటి తీసి నాయన మీద కప్పాను.

ఆస్పత్రిలో గుండె ఆగిందని రాసిచ్చారు. చాలా ఏళ్ళుగా దెబ్బతిన్న గుండె, మిషను ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే బాగుండేదని చెప్పారు. తాత పక్కన పెడదామని అడిగితే కంచె లోపల కుదరదన్నారు. నేను గేటు దగ్గర నిలబడి గొంతు పోయేదాకా వాదించాను. గేటు తెరవలేదు. ఊరి బయట రోడ్డు పక్కన గుంత తవ్వారు.

గుంతలో పెట్టడానికి అమ్మ గంట తెమ్మంది. "ఆయనతోనే పోనీ అది. మా ఇంట్లో వద్దు." అటక ఎక్కి నేనే తీశాను. పెట్టిన చోటే ఉంది. చుట్టూ దుమ్ము చెదరలేదు. అమ్మ వేసిన ముడి అట్లాగే ఉంది. ఊపి చూశాను, మోగలేదు. కానీ లోపల కుక్కిన గుడ్డ తడిగా ఉంది. మాస్కు లోపలి వైపు నిద్ర లేచేసరికి ఎట్లా చెమర్చి ఉంటుందో, అట్లా. తడిగా, ఇంకా కొంచెం వెచ్చగా.

గుడ్డతోనే దాన్ని నాయన గుండెల మీద పెట్టి మన్ను వేశాం. నా చేత్తో నేను వేశాను.

కర్మ అయ్యాక తుమకూరుకు బయల్దేరే రోజు ఓబులేశ్ మామ బస్సు దాకా వచ్చాడు. ఈసారి జోకులు లేవు. బస్సు కదిలే ముందు కిటికీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"మీ నాయన నీకు చెప్పినాడో లేదో... మీ చేను కాడ గంట మోగుతాన్నింది పాపా. నేనూ విన్నా."

"ఇప్పుడూ మోగుతాందా మామా?"

"అదే చెప్తాండా. మీ నాయన పోయినప్పటి నుంచి లేదు. ఆడ నుంచి పోయింది." ఆ మాట మంచివార్తగానే చెప్పాడు పాపం.

హాస్టల్లో నా గది పంచుకునేది మా వైపే ఉండే మంగళవాడ పిల్ల ఆశా. నిద్రంటే ప్రాణం దానికి. నాకు గురక వస్తోందని అదే చెప్పింది. నేను బక్కదాన్ని. అయినా డాక్టరమ్మ నా దవడ చూసి, మీ నాయన దవడే అంది. వైర్లు అతికించి పడుకోబెట్టడానికి తేదీ ఇచ్చింది. ఆ తేదీ ఇంకా రాలేదు. అప్పటిదాకా పక్కకు తిరిగి పడుకుంటున్నాను. వెల్లకిలా తిరగకుండా చొక్కా వెనక బంతి పెట్టి కుట్టుకున్నాను. నేను చెయ్యగలిగినవన్నీ చేస్తున్నాను. పొద్దున లేచేసరికి మాత్రం వెల్లకిలా ఉంటున్నాను. తిన్నగా. చేతులు రెండు పక్కలా పెట్టుకొని.

ఈ మధ్యాహ్నం మెస్సులో అన్నం తింటూ ఆశా విసుక్కుంది.

"గురక ఓర్చుకుంటా గానీ, ఆ గంట ఏందే? తీసిపెట్టి పడుకోరాదా?"

కలిపిన ముద్దను కంచంలో వదిలేశాను. "ఏ గంట?"

"నీదే. గురక ఆగినప్పుడల్లా మోగుతాది. రాత్రి గురక చానా సేపు ఆగింది, నాకు భయమేసింది. లేపుదామని చెయ్యి చాపినా. నువ్వే వద్దంటివి కదా."

"నేనేమన్నా?"

ఆశా నా ముఖం చూసి నవ్వడం ఆపేసింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"మోగుతాంది లే, లేపాకు... అన్నావు." కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది. "మగగొంతు పెట్టి."